నంబర్ చూసి నెట్‌వర్క్ ఊహించకండి

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినిపిస్తోంది కదా? సరే.

టెలిఫోన్ నంబర్ మ్యాపింగ్ గురించి మాట్లాడమన్నారు. దాన్నే ఈనమ్ అంటారు. కాల్‌ని సరైన చోటికి పంపడానికి అది ఎలా పనికొస్తుంది, ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి మారిపోయిన నంబర్ల విషయంలో దానితో ఏం చేయొచ్చు అనేది ఇవాళ్టి విషయం. ఇక్కడున్నవాళ్లలో కొందరు వాయిస్ సర్వర్లు నడుపుతారు, కొందరు ఓటీపీలు, ఎస్సెమ్మెస్‌లు పంపే సిస్టమ్‌లు రాస్తారు. మీ అందరికీ నేను చెప్పదలుచుకున్నది ఒకటే, ముందే చెప్పేస్తాను. నంబర్ మొదట్లో ఉన్న నాలుగైదు అంకెలు చూసి ఇది ఫలానా ఆపరేటర్‌ది అని తేల్చేసే కోడ్ మీ సిస్టమ్‌లో ఎక్కడున్నా తీసేయండి. అడిగి తెలుసుకోండి. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, వచ్చిన జవాబుని ఎంతసేపు నమ్మాలి, మిగతా మాటంతా ఈ మూడింటి చుట్టూనే.

అంకెలు చూసి దారి చెప్పడం ఒకప్పుడు తప్పేమీ కాదు, నంబర్ పుట్టిందే దానికోసం. ఆల్మన్ స్ట్రౌజర్ ఆటోమేటిక్ స్విచ్‌కి 1891లో పేటెంట్ వచ్చింది. ఆ తరహా ఎక్స్ఛేంజీల్లో మీరు డయల్ తిప్పిన అంకెను బట్టి లోపల స్విచ్ అన్ని మెట్లు కదిలేది, తర్వాతి అంకెకి ఇంకో స్విచ్ కదిలేది, అంకెలన్నీ తిప్పడం అయ్యేసరికి అవతలివాళ్ల తీగకి మీ తీగ కలిసిపోయి ఉండేది. నంబరే దారి అన్నమాట, అక్షరాలా. తర్వాత ఎక్స్ఛేంజీలు కంప్యూటర్లయ్యాయి, పద్ధతి మాత్రం అదే మిగిలింది: టేబుల్‌లో ప్రిఫిక్స్, అంటే నంబర్ మొదటి అంకెలు, వెతుకు, ఎక్కువ అంకెలు కలిసిన వరుసను తీసుకో, అది చూపించిన ట్రంక్ మీదకి, అంటే ఎక్స్ఛేంజీల మధ్య లైను మీదకి, కాల్ పంపు. ఐటీయూ అనే అంతర్జాతీయ టెలికాం సంస్థ పెట్టిన ఈ.164 ప్రమాణం ప్రకారం ఒక అంతర్జాతీయ నంబర్‌లో మొత్తం 15 అంకెలకు మించకూడదు, మొదట్లో ఒకటి నుంచి మూడు అంకెల దేశం కోడ్ ఉంటుంది, ఆ తర్వాతి అంకెల్ని ఆ దేశపు రెగ్యులేటర్ బ్లాకులు బ్లాకులుగా ఆపరేటర్లకి ఇస్తుంది. బ్లాకు ఎవరిదో తెలిస్తే కాల్ ఎవరికి ఇవ్వాలో తెలిసినట్టే. చాలా దశాబ్దాలు అలాగే నడిచింది.

పోర్టబిలిటీ, అంటే నంబర్ మార్చకుండా కంపెనీ మారే వీలు, వచ్చాక ఆ లెక్క చెదిరిపోయింది. మొబైల్ నంబర్లకి దీన్ని అందరికంటే ముందు 1997లో సింగపూర్ తెచ్చింది. అమెరికాలో 1996 టెలికాం చట్టం ల్యాండ్‌లైన్ కంపెనీల మీద ఈ బాధ్యత పెట్టింది, మొబైల్ నంబర్లకి 2003 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. కారణం అందరికీ తెలిసిందే. సర్వీసు ఎంత చెత్తగా ఉన్నా నంబర్ పోతుందన్న భయంతో జనం అదే కంపెనీని పట్టుకుని వేలాడేవాళ్లు, బ్యాంకులో ఆ నంబరే, బంధువుల దగ్గర ఆ నంబరే, ఇక ఎలా మారతారు? నంబర్ మనిషి వెంట వెళ్లాలి అని చట్టం చెప్పడం వినియోగదారుడికి దక్కిన చాలా పెద్ద హక్కు అని నేను నమ్ముతాను. కాకపోతే దాని భారం రూటింగ్ చేసేవాళ్ల మీద పడింది, ఎందుకంటే బ్లాకు ఇంకా పాత ఆపరేటర్ పేరు మీదే ఉంటుంది, అందులో ఒక్క నంబర్ మాత్రం వేరే ఇంట్లో మోగాలి.

దీన్ని నాలుగు రకాలుగా చేస్తారు. ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలని ఆర్‌ఎఫ్‌సీలంటారు, 2003లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3482లో నాలుగూ వరసగా వివరించి ఉన్నాయి, చదవాల్సిన పత్రం. మొదటిది ఆన్‌వర్డ్ రూటింగ్. ఇల్లు మారినవాళ్ల ఉత్తరాలు పాత ఇంటికే వచ్చి అక్కడివాళ్లు కొత్త చిరునామా రాసి మళ్లీ పోస్టులో వేసినట్టు, కాల్ ముందు డోనర్‌కి, అంటే పాత ఆపరేటర్‌కి వెళ్తుంది, అతను తన దగ్గరున్న టేబుల్ చూసి కొత్త ఆపరేటర్‌కి దాటిస్తాడు. మొదలుపెట్టడానికి ఇంత తేలికైన పద్ధతి ఇంకోటి లేదు, మిగతా నెట్‌వర్క్‌లు ఏమీ మార్చుకోనక్కర్లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీరు కంపెనీ వదిలేసి వెళ్లిపోయారు, అయినా మీకొచ్చే ప్రతి కాల్ ఆ కంపెనీ స్విచ్ గుండానే వస్తుంది. వాళ్ల స్విచ్ పడిపోతే మీ ఫోన్ మోగదు. మీకు ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తున్నారో వాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. ఆ కంపెనీ మూతపడితే మీ నంబర్ గతి ఏంటో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకే ఈ పద్ధతిని శాశ్వతంగా ఉంచుకోవడం నాకు నచ్చదు.

రెండోది, కాల్ డోనర్ దాకా వెళ్తుంది, కానీ డోనర్ దాన్ని దాటించకుండా కొత్త దారి చెప్పి వెనక్కి పంపేస్తాడు, దాన్ని డ్రాప్‌బ్యాక్ అంటారు. మూడోది క్వెరీ ఆన్ రిలీజ్: డోనర్ 'ఇది నా దగ్గర లేదు, పోర్ట్ అయింది' అని కాల్ వదిలేస్తాడు, సిగ్నలింగ్‌లో, అంటే నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మెసేజ్‌లలో, దీనికి కాజ్ వాల్యూ 14 అని ప్రత్యేకంగా ఉంది, అప్పుడు ముందరి నెట్‌వర్క్ డేటాబేస్‌ని అడుగుతుంది. ఈ రెండింటి మీద ఎక్కువసేపు ఉండను.

నాలుగోది ఆల్ కాల్ క్వెరీ. కాల్ బయల్దేరే ముందే, ప్రతి కాల్‌కీ, ఈ నంబర్ ఇప్పుడు ఎక్కడుంది అని డేటాబేస్‌ని అడగడం. దీన్ని వాడుకలో డిప్ అంటారు. జవాబుగా ఒక రూటింగ్ నంబర్ వస్తుంది. అమెరికాలో దాన్ని ఎల్‌ఆర్‌ఎన్, లొకేషన్ రూటింగ్ నంబర్ అంటారు, అది పది అంకెల నంబరే, కానీ ఎవరి ఇంట్లోనూ మోగదు, ఒక స్విచ్‌ని సూచిస్తుంది. కాల్‌ని ఆ రూటింగ్ నంబర్ మీద నడిపిస్తారు, అసలు డయల్ చేసిన నంబర్‌ని మెసేజ్‌లో ఇంకో చోట దాచి తీసుకెళ్తారు, అవతలి స్విచ్ దాన్ని బయటికి తీసి ఫోన్ మోగిస్తుంది. డోనర్ ఈ వ్యవహారంలో ఎక్కడా లేడు. ఖర్చు ఎక్కువే, పోర్ట్ కాని నంబర్లకి కూడా డిప్ చేయాలి, అందరి దగ్గరా తాజా డేటాబేస్ ఉండాలి. అయినా సరైన పద్ధతి ఇదే అని నా అభిప్రాయం. దారి తెలుసుకుని బయల్దేరడం ఎప్పుడైనా మేలు.

ఇప్పుడు ఈనమ్ దగ్గరికి వద్దాం. డిప్ చేయాలి అన్నాం, దేన్ని అడగాలి? పాత ప్రపంచంలో ఎస్‌ఎస్7 అనే పాత టెలిఫోన్ సిగ్నలింగ్ మీద ఖరీదైన డేటాబేస్‌ని అడిగేవాళ్లు. 2000లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌వాళ్లు ఆర్‌ఎఫ్‌సీ 2916లో ఒక సాదా ప్రశ్న వేశారు: ప్రపంచమంతా పరుచుకుని, రోజూ లెక్కలేనన్ని ప్రశ్నలకి జవాబు చెప్పే డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ చెప్పే వ్యవస్థ, మన చేతిలో ఉండగా ఇంకొకటి ఎందుకు? అదే 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3761గా, 2011లో 6116గా మెరుగుపడింది. ఇప్పుడు చదవాల్సింది 6116.

పని చేసే తీరు చూడండి. ఒక నంబర్ తీసుకుందాం, ప్లస్ 1 202 555 0123. ఇలాంటి ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన శ్రేణిలోది, ఎవరికీ మోగదు. ప్లస్ తీసేయండి, ఖాళీలు తీసేయండి, అంకెల్ని తిరగేయండి, మధ్యలో చుక్కలు పెట్టండి, చివర ఈ164 డాట్ ఆర్పా తగిలించండి. 3.2.1.0.5.5.5.2.0.2.1 డాట్ ఈ164 డాట్ ఆర్పా. తిరగేయడం ఎందుకంటే ఫోన్ నంబర్‌లో పెద్ద ముక్క, అంటే దేశం కోడ్, ఎడమ పక్క ఉంటుంది, డొమైన్ పేరులో పెద్ద ముక్క కుడి పక్క ఉంటుంది. తిరగేస్తే దేశం కోడ్ పైకి వస్తుంది, దాన్ని ఆ దేశానికి అప్పగించొచ్చు, దేశం కింద ఆపరేటర్‌కి, ఆపరేటర్ కింద ఒక్కో నంబర్‌కి. ఐపీ అడ్రస్ నుంచి పేరు వెతికే రివర్స్ లుక్‌అప్ మీకు తెలుసు కదా, అదే ఉపాయం. అన్నిటికీ పైన ఉన్న ఈ164 డాట్ ఆర్పా జోన్‌ని, అంటే ఆ పేరు కింద ఉన్న రికార్డుల సమూహాన్ని, యూరప్‌లో ఇంటర్నెట్ అడ్రస్‌లు చూసే రైప్ ఎన్‌సీసీ నడుపుతుంది, ఏ దేశం కోడ్ ఎవరికి అప్పగించాలన్న దానిలో ఐటీయూ పాత్ర ఉంటుంది.

ఆ పేరు మీద ఎన్‌ఏపీటీఆర్ రికార్డు అడుగుతారు, మనవాళ్లు నాప్టర్ అని పిలుస్తారు. అందులో ఆరు అంశాలు ఉంటాయి: ఆర్డర్, ప్రిఫరెన్స్, ఫ్లాగ్, సర్వీస్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, రీప్లేస్‌మెంట్. ఆర్డర్ చిన్నది ముందు చూడాలి, అందులో ప్రిఫరెన్స్ చిన్నది ముందు. సర్వీస్ దగ్గర ఈ2యు ప్లస్ సిప్ అని ఉంటే ఈ నంబర్‌ని సిప్, అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి, ద్వారా పట్టుకోవచ్చు అని అర్థం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల్ని మార్చే సూత్రం, ఆ నంబర్‌ని ఒక సిప్ అడ్రస్‌గా మార్చి ఇస్తుంది. మీ సర్వర్ ఆ అడ్రస్‌కి ఇన్వైట్, అంటే కాల్ మొదలుపెట్టే మెసేజ్, పంపుతుంది. అంతే. వాయిస్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు చూస్తే, ఆస్టరిస్క్‌లో ఈనమ్‌లుక్‌అప్ అనే ఫంక్షన్ ఉంది, కమైలియోలో ఈనమ్ మాడ్యూల్, ఫ్రీస్విచ్‌లో మాడ్ ఈనమ్ ఉన్నాయి, మీరు కొత్తగా కోడ్ రాయాల్సింది చాలా తక్కువ.

ఇక పోర్టబిలిటీకి దీన్ని ఎలా కలిపారో చూద్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. 2006లో రెండు చిన్న పత్రాలు వచ్చాయి. ఒకటి ఆర్‌ఎఫ్‌సీ 4694, టెల్ యూఆర్ఐకి, అంటే ఫోన్ నంబర్‌ని లింకులా రాసే పద్ధతికి, కొత్త పారామీటర్లు చేర్చింది: ఆర్‌ఎన్ అంటే రూటింగ్ నంబర్, ఎన్‌పీడీఐ అంటే డిప్ అయిపోయింది అనే జెండా. రెండోది ఆర్‌ఎఫ్‌సీ 4769, పీఎస్‌టీఎన్, అంటే మామూలు టెలిఫోన్ నెట్‌వర్క్, పేరుతో ఈనమ్ సర్వీస్‌ని నిర్వచించింది. అంటే డీఎన్ఎస్ జవాబులోనే 'నంబర్ ఇది, డిప్ చేశాం, రూటింగ్ నంబర్ ఇది' అని రాసి ఇవ్వొచ్చు. పోర్టబిలిటీ డేటాబేస్ అంతా ఒక డీఎన్ఎస్ సర్వర్ వెనక పెట్టేసి ఎస్‌ఎస్7 తెలియని మామూలు సిప్ సర్వర్ కూడా మిల్లీసెకన్లలో డిప్ చేసుకోవచ్చు.

ఎన్‌పీడీఐ జెండా చిన్న విషయంలా కనిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నంబర్ పోర్ట్ అయిన కొద్ది సేపు ఒక ఆపరేటర్ డేటాబేస్ కొత్తగా, ఇంకొకరిది పాతగా ఉంటుంది. ఒకతను నీదే అని పంపుతాడు, రెండో అతను మళ్లీ డిప్ చేసి కాదు నీదే అని తిప్పి పంపుతాడు, కాల్ రెండింటి మధ్య బంతిలా తిరుగుతూ సిప్‌లో మ్యాక్స్ ఫార్వర్డ్స్, అంటే ఎన్నిసార్లు దాటించొచ్చు అన్న లెక్క, అయిపోయేదాకా లైన్లు తినేస్తుంది. జెండా ఉంటే రెండో అతను మళ్లీ అడగకూడదు, తన దగ్గర లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆపేయాలి. మీ సర్వర్ బయటికి పంపే ఇన్వైట్‌లో ఈ పారామీటర్లు మిగిలి ఉన్నాయో లేదో ఒకసారి ట్రేస్ తీసి చూడండి, నెట్‌వర్క్‌ల సరిహద్దులో ఉండే బోర్డర్ కంట్రోలర్లు చాలాసార్లు వీటిని కత్తిరించేస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. సొంత ఈనమ్ జోన్ పెట్టుకునే ప్రతి టీమూ దాదాపుగా ఇక్కడ ఇరుక్కుంటుంది, కాబట్టి నెమ్మదిగా చెప్తాను. మీ కంపెనీలోనో, మీ చిన్న ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనో ప్రైవేట్ ఈనమ్ జోన్ పెట్టారనుకోండి. 1202తో మొదలయ్యే నంబర్లన్నీ ఒక గేట్‌వేకి వెళ్లాలి. ఒక్కో నంబర్‌కీ రికార్డు ఎవరు రాస్తారని ఒక వైల్డ్‌కార్డ్, అంటే విడిగా రాయని పేర్లన్నిటికీ జవాబిచ్చే రికార్డు, పెడతారు: నక్షత్రం, చుక్క, 2.0.2.1. బాగా పనిచేస్తుంది. కొన్నాళ్లకి అందులో ఒక్క నంబర్, ఇందాకటి 202 555 0123, వేరే నెట్‌వర్క్‌కి పోర్ట్ అయింది. దానికి మాత్రం ఒక ప్రత్యేక రికార్డు చేరుస్తారు. రూటింగ్ టేబుల్ అలవాటున్న ఎవరైనా అదే చేస్తారు, ఎక్కువ అంకెలు కలిసిన వరుస గెలుస్తుంది, మిగతావి వైల్డ్‌కార్డ్‌కి వెళ్తాయి అనుకుంటారు.

డీఎన్ఎస్ అలా పని చేయదు. ఆ ఒక్క రికార్డు చేర్చిన క్షణం నుంచి 1202 తర్వాత 5 ఉన్న మిగతా నంబర్లన్నిటికీ 'అలాంటి పేరే లేదు' అని జవాబు వస్తుంది. 5 తర్వాత ఇంకా ఆరు అంకెలు ఉన్నాయి కాబట్టి అవి పది లక్షల నంబర్లు, మీరు చేర్చిన ఒక్కటి తప్ప. ఎందుకంటే ఆ పొడుగు పేరు చేర్చగానే దారిలో ఉన్న మధ్య గణుపులన్నీ డీఎన్ఎస్ పేర్ల చెట్టులో పుట్టేస్తాయి, వాటి మీద రికార్డులేమీ లేకపోయినా సరే ఉన్నట్టే లెక్క. ఎవరైనా 1202 556తో మొదలయ్యే నంబర్ అడిగితే సర్వర్ చెట్టులో దిగుతుంది, 1202 దాటి 5 దాకా వెళ్తుంది, ఇంకో 5 దాకా వెళ్తుంది, అక్కడ 6 లేదు, కాబట్టి ఆ చివరి గణుపు కింద వైల్డ్‌కార్డ్ ఉందా అని చూస్తుంది, లేదు, అయిపోయింది. వెనక్కి పైకి ఎక్కి 1202 దగ్గరున్న వైల్డ్‌కార్డ్‌ని వెతకదు. ఆర్‌ఎఫ్‌సీ 4592లో ఇది స్పష్టంగా రాసి ఉంది. 1202 తర్వాత 6 ఉన్న నంబర్లు మాత్రం బాగానే మోగుతుంటాయి, అందుకే మానిటరింగ్‌లో సగం బాగుంది, సగం బాలేదు అన్నట్టు కనిపించి మనుషుల్ని పిచ్చెక్కిస్తుంది. ఒక టీమ్ గేట్‌వే పాడైందనుకుని దాన్నే మార్చేసింది, తప్పు జోన్ ఫైల్‌లో ఉంది.

దీనికి మందు ఏంటి? వైల్డ్‌కార్డ్‌లతోనే ఉండాలనుకుంటే ఆ నంబర్ దారిలో కొత్తగా పుట్టిన ప్రతి మధ్య గణుపు కిందా వైల్డ్‌కార్డ్ పెట్టాలి, మన ఉదాహరణలో ఆరు. పోర్ట్ అయిన నంబర్లు పెరిగేకొద్దీ ఇది చేత్తో చేసే పని కాదు, జోన్‌ని స్క్రిప్టుతో తయారు చేయాలి. రెండో దారి, వైల్డ్‌కార్డ్ జోలికే పోకుండా ఒక్కో నంబర్‌కీ రికార్డు రాసేయడం. ఇవాళ్టి మెమరీ ధరల్లో లక్షల రికార్డులు పెద్ద భారం కాదు, కోట్లలో ఉన్నా ఆపరేటర్లు నడుపుతున్నారు. మూడోది, పవర్‌డీఎన్ఎస్ లాంటి సర్వర్‌కి వెనక డేటాబేస్ తగిలించి, ఎక్కువ అంకెలు కలిసే ప్రిఫిక్స్ వెతికే పని మీరే చేసి జవాబు అప్పటికప్పుడు తయారు చేయడం. నన్నడిగితే చిన్న నెట్‌వర్క్‌కి రెండోదే. చదివి అర్థం చేసుకోవచ్చు, రాత్రి రెండింటికి ఎవరైనా లేచి చూసినా డీఎన్ఎస్‌ని అడిగే ఒక్క డిగ్ కమాండ్‌తో సంగతి తేలిపోతుంది.

తర్వాత క్యాష్, అంటే వచ్చిన జవాబుని దాచుకోవడం. డీఎన్ఎస్ జవాబుతో పాటు టీటీఎల్ వస్తుంది, దీన్ని ఇన్ని సెకన్లు నమ్మొచ్చు అని. వెబ్‌సైట్ల అలవాటుతో 86400 పెట్టేస్తారు, అంటే 24 గంటలు. మధ్యాహ్నం నంబర్ పోర్ట్ అయితే మర్నాటి దాకా కాల్స్ పాత ఇంటికే. అంతకంటే మోసకారి నెగటివ్ క్యాష్. కొత్త నంబర్ ఇంకా జోన్‌లోకి ఎక్కకముందే ఎవరో ఒకసారి డయల్ చేశారు, లేదు అని జవాబు వచ్చింది, ఆ 'లేదు'ని కూడా రిజాల్వర్, అంటే మన తరఫున డీఎన్ఎస్‌ని అడిగే ప్రోగ్రామ్, దాచుకుంటుంది, ఎంతసేపో జోన్ వివరాలుండే ఎస్‌ఓఏ రికార్డును బట్టి ఉంటుంది. మీరు రికార్డు చేర్చేసి, టెస్ట్ చేసి, అంతా బాగుందని ఇంటికెళ్తారు, కస్టమర్‌కి మాత్రం గంటల తరబడి మోగదు. సొంత జోన్‌లో రెండింటినీ నిమిషాల్లో ఉంచండి, సర్వర్ పక్కనే ఉంటుంది కాబట్టి ప్రశ్నలు పెరిగినా భయపడక్కర్లేదు.

మరి ఇంత అందమైన ఆలోచన ప్రపంచమంతా ఎందుకు లేదు? ఇందాక టీ తాగేటప్పుడు ఒకరు నన్ను ఇదే అడిగారు. మొదటి కల ఏంటంటే, ఎవరి నంబర్‌కి వాళ్లే పబ్లిక్ డీఎన్ఎస్‌లో సిప్ అడ్రస్ పెట్టుకుంటారు, కాల్స్ ఇంటర్నెట్ మీదే ఉచితంగా వెళ్లిపోతాయి. ఆస్ట్రియా 2004 చివర్లో దీన్ని వాణిజ్యపరంగా మొదలుపెట్టింది, ఈనమ్ కోసమే ఒక నంబర్ శ్రేణి కూడా ఇచ్చింది. కానీ చాలా దేశాలు ట్రయల్ దగ్గరే ఆగిపోయాయి. కాల్‌కి డబ్బు తీసుకునే కంపెనీకి డబ్బు రాని దారి చూపించాలన్న కోరిక ఎందుకుంటుంది, అది ఒక కారణం. ఇంకో కారణం నాకు ఇంకా బలమైనదనిపిస్తుంది: ఈ నంబర్ నాదే అని ఎవరు రుజువు చేయాలి, నంబర్ వదిలేశాక ఆ రికార్డు ఎవరు తీసేయాలి? నంబర్ ఇంకొకరికి వెళ్లిపోయి రికార్డు అలాగే ఉండిపోతే కొత్త మనిషి కాల్స్ పాత మనిషికి మోగుతాయి. దానికి తోడు గోప్యత. డీఎన్ఎస్‌లో పేర్లు ఊహించడం కష్టం, ఫోన్ నంబర్లలో ఒక్కో చోట ఉండగలిగేవి సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలే, పై గణుపు లేదని జవాబొస్తే దాని కింద ఏమీ లేదని తెలిసిపోతుంది, అలా కొమ్మలు వదిలేస్తూ చెట్టంతా నడిచి స్పామ్ చేసేవాళ్లు మొత్తం లిస్టు తయారు చేసుకోవచ్చు.

అలాగని ఈనమ్ చావలేదు, గోడల లోపలికి వెళ్లింది. దాన్ని ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఈనమ్ లేదా క్యారియర్ ఈనమ్ అంటారు. మొబైల్ ఆపరేటర్ల మధ్య ఉన్న ప్రైవేట్ ఐపీ నెట్‌వర్క్‌లో మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎమ్ఏ మార్గదర్శకాల ప్రకారం ఈ164ఈనమ్ డాట్ నెట్ అనే వేరే మూల డొమైన్ ఉంది, అది బయటి ఇంటర్నెట్‌కి కనిపించదు. 4జీ మీద కాల్స్ నడిపే వోల్టీ వెనక ఉన్న ఐఎంఎస్ వ్యవస్థలో కూడా ఇదే: మీరు నంబర్ డయల్ చేస్తే ఎస్ సీఎస్‌సీఎఫ్ అనే భాగం ఈనమ్‌ని అడుగుతుంది, సిప్ అడ్రస్ వస్తే ఐపీ మీదే వెళ్తుంది, రాకపోతే కాల్‌ని పాత నెట్‌వర్క్ వైపు గేట్‌వేకి మళ్లిస్తుంది. జనం పేరు కూడా వినని సంగతి జనం చేసే కాల్స్‌లో పని చేస్తోంది.

ఎస్సెమ్మెస్ వాళ్లకి రెండు మాటలు. మొబైల్‌లో మనం డయల్ చేసే నంబర్ వేరు, సిమ్‌లో ఉండే గుర్తింపు సంఖ్య ఐఎంఎస్ఐ వేరు. పోర్ట్ అయితే కొత్త సిమ్ వస్తుంది, ఐఎంఎస్ఐ మారుతుంది, నంబర్ అలాగే ఉంటుంది. ఐఎంఎస్ఐ మొదటి ఐదారు అంకెలే దేశాన్ని, నెట్‌వర్క్‌ని చెప్తాయి, అందుకే హెచ్‌ఎల్‌ఆర్ లుక్‌అప్ చేస్తే, అంటే మొబైల్ నెట్‌వర్క్ చందాదారుల డేటాబేస్‌ని అడిగితే, ఆ నంబర్ ఇప్పుడు ఏ నెట్‌వర్క్‌దో తెలుస్తుంది. ప్రిఫిక్స్ చూసి చవక రూట్‌లో పడేసిన ఓటీపీ పోర్ట్ అయిన మనిషికి ఆలస్యంగా చేరుతుంది, లేదా అసలు చేరదు, మీ డాష్‌బోర్డ్‌లో మాత్రం ఆ ఆపరేటర్‌కి డెలివరీ కొంచెం తగ్గినట్టు కనిపిస్తుందంతే. అవతల ఒక మనిషి బ్యాంకు స్క్రీన్ ముందు టెన్షన్ పడుతూ కూర్చుని ఉంటాడు. ఇది మనం దిద్దగలిగిన విషయం.

ప్రశ్నలకి వద్దాం. అక్కడ, నీలం చొక్కా వేసుకున్న సార్. సెక్యూరిటీ గురించి, జవాబుని ఎవరైనా మార్చేస్తే ఎలా అని అడుగుతున్నారు. రెండు సంగతులు. జోన్‌కి డీఎన్ఎస్‌సెక్ సంతకాలు, అంటే జవాబుని ఎవరూ మార్చలేదని రుజువు చేసే డిజిటల్ సంతకాలు, పెట్టండి, రిజాల్వర్‌లో తనిఖీ చేయండి. ఇంకోటి, మీరు పబ్లిక్ ఈనమ్‌ని అడుగుతుంటే జవాబులో సిప్ అడ్రస్ తప్ప ఇంకేదీ ఒప్పుకోకండి. ఎవడో తన రికార్డులో టెల్ అని పెట్టి ఒక ప్రీమియం రేటు నంబర్ రాస్తే, మీ సర్వర్ బుద్ధిగా దానికి ఫోన్ చేస్తుంది, బిల్లు మీకొస్తుంది. మోసగాళ్లు దొంగతనంగా నంబర్ పోర్ట్ చేయించుకోవడం వేరే సమస్య, దాన్ని ఈనమ్ ఆపలేదు, డేటాబేస్ అప్పుడు కూడా నిజమే చెప్తుంది, నంబర్ నిజంగానే దొంగ చేతిలో ఉంది కాబట్టి. కాకపోతే ఐఎంఎస్ఐ ఈ మధ్యే మారిందని తెలిస్తే ఆ నంబర్‌కి కొన్నాళ్లు ఓటీపీ పంపకుండా ఆగొచ్చు, బ్యాంకులకి సర్వీసు ఇచ్చేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి.

ఇంకో ప్రశ్న, ఎక్కడ మొదలుపెట్టాలని, ఆవిడ అడిగారు. నార్మలైజేషన్ దగ్గర మొదలుపెట్టండి అమ్మా. ఈనమ్‌కి పూర్తి ఈ.164 నంబర్ మాత్రమే తెలుసు. మీ యూజర్లు ముందు సున్నా పెట్టి కొడతారు, 00 కొడతారు, అమెరికాలో 011 కొడతారు, ఏరియా కోడ్ వదిలేసి కొడతారు. ఇవన్నీ లుక్‌అప్‌కి ముందే ఒకే రూపంలోకి రావాలి, ఒకే చోట రావాలి, మూడు చోట్ల మూడు రకాల కోడ్ ఉండకూడదు. ఎమర్జెన్సీ నంబర్లు, షార్ట్ కోడ్‌లు ఆ దారిలోకే రాకూడదు, వాటిని అన్నిటికంటే ముందు పక్కకి తీసి నేరుగా పంపేయండి, అంబులెన్స్ కోసం చేసిన కాల్ డీఎన్ఎస్ జవాబు కోసం ఆగకూడదు.

చివరి ప్రశ్న తీసుకుంటాను, టైమ్ అయిపోతోందంటున్నారు. డీఎన్ఎస్ సర్వర్ జవాబే ఇవ్వకపోతే? చాలా మంచి ప్రశ్న. లైనక్స్‌లో రిజాల్వర్ మామూలుగా 5 సెకన్లు ఆగుతుంది, రెండుసార్లు ప్రయత్నిస్తుంది, అంటే ఫోన్ చేసినవాళ్లు పది సెకన్లు నిశ్శబ్దం వింటారు, ఈలోపు పెట్టేస్తారు. దాన్ని అలా వదలకండి. టైమ్‌అవుట్ తగ్గించండి, మీ నెట్‌వర్క్ లోపలి సర్వర్‌కి అరసెకను కూడా ఎక్కువే, రెండు సర్వర్లు పెట్టండి, అప్పటికీ జవాబు రాకపోతే కాల్‌ని ఎన్‌పీడీఐ జెండా లేకుండా డిఫాల్ట్ క్యారియర్‌కి ఇచ్చేయండి, డిప్ వాళ్లే చేసుకుంటారు, కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, కాల్ మాత్రం కలుస్తుంది. జవాబు రాకపోవడం వేరు, 'లేదు' అని జవాబు రావడం వేరు, లాగ్‌లో రెండింటికీ వేరు వేరు గుర్తులు పెట్టండి, మొదటిది పెరిగితే డీఎన్ఎస్ చూసేవాళ్లని లేపాలి, రెండోది పెరిగితే జోన్ తయారు చేసే స్క్రిప్టు రాసినవాళ్లని లేపాలి.